శ్రావణమాసపు నాలుగు సీసాలు

“నీళ్ళు పట్టుకొచ్చేదే గదా. ఆడోళ్ళకు అలవాటైన పనే. దానికోసరం నేను కొండెక్కాల్నా?”

మహేంద్ర ఈ మాట అని మూడేళ్ళు దాటింది. అప్పుడు శివపార్వతి రోట్లో గోంగూర నూరుతోంది. అతను నవారు మంచం మీద కాళ్ళు చాపుకుని మోకాలికి మందు రాసుకుంటున్నాడు. రాసుకుంటున్నది కుడి మోకాలికి, పొద్దున నొప్పి అన్నది ఎడమది. ఆమె చూసింది. పదహారేళ్ళ కాపురంలో ఆమె అనకుండా మింగిన మాటల్ని పోగేస్తే వాళ్ళ మేకల దొడ్డి చాలదు. ఆ రోజు వాటికి ఇంకొకటి కలిపి, పచ్చడి గిన్నెలోకి ఎత్తి, లేచి చేతులు కడుక్కుంది.

అర్ధవీడు దాటి కొండ కిందికి పోతే వాళ్ళ ఊరు. ఊరి పైన, మేకలు తప్ప ఎవరూ ఇష్టంగా ఎక్కని వాలులో ఒక గుహ ఉంది. దాన్ని అందరూ చుక్కల గవి అంటారు. రోహిణి ఎండల్లో కూడా దాని కప్పు నుంచి నీటిచుక్కలు పడుతూనే ఉంటాయి. ఒక్కో చుక్కా తనతో రవ్వంత సున్నం మోసుకొస్తుంది. ఆ సున్నమే గడ్డకట్టి కప్పు నుంచి కిందికీ, నేల మీంచి పైకీ రాతి కొమ్ములై పెరుగుతుంది. గోరంత పెరగడానికి వందేళ్ళు పట్టినా పడుతుందట. ఆ కొమ్మును నిలువునా కోసి చూస్తే పొరలు పొరలుగా ఉంటుందనీ, ఏ పొర కట్టిన కాలంలో వానలు ఎట్లా కురిశాయో అందులో ఇమిడిపోయిన పదార్థాన్ని బట్టి చెప్పొచ్చనీ అరుణ చెప్పింది. అరుణది కురిచేడు. విశ్వవిద్యాలయంలో ఈ రాళ్ళ మీదే పరిశోధన చేస్తోంది. వేల ఏళ్ళ నాటి పొరల్ని చదవాలంటే ముందు ఇప్పటి చుక్కల నడత తెలియాలట. ఎంత వానకు ఎన్ని చుక్కలు, వాన పడ్డ ఎన్నాళ్ళకు, ఆ నీళ్ళలో ఏమేం ఉన్నాయి, ఇవన్నీ. అందుకని నెలకు రెండుసార్లు ఎవరైనా గవిలోకి వెళ్ళి, రెండు చోట్ల చుక్కలు లెక్కబెట్టి, రెండు సీసాల నీళ్ళు పట్టి ఉంచాలి.

ఆ ‘ఎవరైనా’ దగ్గర మహేంద్ర పేరు రాసుకున్నారు. అరుణ వాళ్ళు వాకబు చేసింది టీ దుకాణం దగ్గర. టీ దుకాణం దగ్గర ఆడవాళ్ళు కూర్చోరు కదా. దారి చూపిస్తానని ముందు నడిచిన మనిషి మొదటి రోజే రెండుసార్లు తప్పాడు. వెనక టిఫిన్ క్యారియర్ మోసుకొస్తున్న శివపార్వతి, “అటు గాదు, ఈ చిల్లచెట్టు కాడ పక్కకు తిరగాల” అంటే అప్పుడు దొరికింది గవి. కాపురానికి వచ్చిన కొత్తలో వడగళ్ళ వానకు మేకలతో సహా ఆమె తలదాచుకున్న చోటది. అయినా రిజిస్టరులో ‘సేకరించినవారు’ అన్న గడిలో మహేంద్ర సంతకం పెట్టాడు. ఆ సమయానికి ఆమె చేతిలో చట్నీ గిన్నె ఉంది.

అతను రెండు దఫాలు వెళ్ళాడు. మూడో దఫాకు మోకాలు పట్టుకుని పైమాట అన్నాడు. నిమిషం కొలిచే గడియారం బొత్తాం ఎట్లా నొక్కాలో, సీసా ఎట్లా నింపాలో అరుణ మొదటి రోజు చెబుతుంటే వినీవినకుండా నిలబడ్డది అతను, వింటూ వడ్డించింది ఆమె. అప్పటి నుంచి ప్రతి పున్నమికీ అమావాస్యకూ శివపార్వతే వెళ్ళింది. వాకిలి ఊడ్చి, బోరు దగ్గర ఆరు బిందెల నీళ్ళు పట్టి, అత్త రాఘవమ్మకు టీ ఇచ్చి, వంట ముగించి, మేకల్ని విప్పి వాటి వెనకే కొండెక్కేది. గవిలో చెమ్మకు కాగితం మెత్తబడుతుంది, పెన్ను సాగదు. అందుకని పిల్లల చిన్నప్పటి పలకా బలపం చెంగున కట్టుకునేది. ఆమె నాయన పుల్లయ్య తర్లుపాడు దగ్గర పలకరాళ్ళు చీల్చినవాడు. ఉలితో తట్టి, ఆ చప్పుడును బట్టి పొర ఎక్కడ విడుస్తుందో చెప్పేవాడు. ఆయన కూతురికి రాతిలో పొరలుంటాయని ఇంకొకరు విడమరిచి చెప్పక్కర్లేదు.

గవిలో ఆమె లెక్కబెట్టే కొమ్ములు రెండు. అరుణ కాగితాల్లో అవి ఒకటో పాయింటు, రెండో పాయింటు. శివపార్వతికి పెద్దక్క, చిన్నక్క. పెద్దక్కది నిదానం, నాలుగు మాటలకు ఒక మాట చెప్పినట్టు రాలుస్తుంది. చిన్నక్క ఆగదు. వాటి కింద కూర్చుని, గడియారం బొత్తాం నొక్కి, పెదాలు కదపకుండా లెక్కబెట్టుకునే ఆ కాసేపు ఆమెను ఎవరూ పిలవరు. “ఏమే” అనే మాట ఆ లోపలికి రాదు. సీసా నింపడం కూడా ఒక విద్యే. అంచుదాకా పొర్లనిచ్చి, మూత బిగించి, తలకిందులు చేసి చూడాలి. లోపల గాలిబుడగ కనబడిందా, మళ్ళీ మొదటికొచ్చి పట్టాలి. బుడగ ఉంటే నీళ్ళ గుణం మారిపోతుందని అరుణ చెప్పింది. ఒక్కోసారి రెండు సీసాలు నిండేసరికి పొద్దు నెత్తి మీదికి వచ్చేది. ఇంటికొచ్చాక వాటికి తడిగుడ్డ చుట్టి, చీకటి మూలన కుండల వెనక పేర్చేది. “ఇంటినిండా సీసాలు. సారా కొట్టు పెట్టినట్టుండాది” అని రాఘవమ్మ వచ్చేపోయే వాళ్ళందరితో అనేది.

పలక మీది అంకెలు తుడిచిపోకముందే గోడ మీది క్యాలెండరులోకి ఎక్కించేది. ఆ క్యాలెండరు గడుల్లో లేనిది లేదు. మేక ఈనిన రోజు, గ్యాస్ బండ మార్చిన రోజు, కంభం హాస్టల్లో పిల్లలిద్దరి పరీక్షలు, వాన పడిన రోజు నీలి సున్నా. ఒక మూల పెద్దక్క చుక్కల అంకె, దాని కింద చిన్నక్కది. వానాకాలంలో మేకలు రోజూ ఆ వాలుకే పోతాయి కాబట్టి ఆమె రోజూ లోపలికి తొంగిచూసేది, రోజూ ఆ రెండంకెలూ రాసేది. అది ఎవరూ రాయమన్నది కాదు. ఇంకో మూల, నెలకు నాలుగు రోజులు, చిన్న ఎర్ర గీత. అది ఆమె సొంతం. ఏడాది మారినా పాత క్యాలెండరు తీసేయదు, దాని మీదే కొత్తది తగిలిస్తుంది. మేకుకు అలా మూడు బరువులు పడ్డాయి.

నాలుగు నెలలకొకసారి అరుణ వస్తుందనగా ముందురోజు మహేంద్ర స్నానం చేసి, తల దువ్వుకుని, రిజిస్టరు తెరిచేవాడు. “ఏమే, కార్తీక పున్నమికి ఎంత?” పొయ్యి దగ్గర నుంచి ఆమె చెప్పేది, అతను రాసేవాడు. అక్షరాలు ముత్యాల్లా ఉండేవి, ఆ మాట ఒప్పుకోవాలి. అరుణ వచ్చినప్పుడు కొండెక్కేవాడు కూడా, దారంతా తనే మాట్లాడుతూ. వెనక సంచులు మోసే శివపార్వతిని చూపించి, “మా ఇంటామె తోడుకు వస్తాది మేడం” అనేవాడు. ఒకసారి ఏదో యూట్యూబ్ ఛానెలువాళ్ళు వచ్చి మాట్లాడిస్తే, “శాస్త్రం కోసరం పాముకూ పుట్రకూ బయపడకుండా పోతుండా” అన్నాడు. ఫోను కెమెరాలో పడకుండా ఆమె మేకపోతును ఇవతలికి పట్టుకుని నిలబడింది. ఆ వీడియోను అతను ఊరంతటికీ చూపించాడు. ఆమెకూ చూపించాడు. ఆమె అన్నానికి ఎసరు పెట్టడానికి లేచింది.

పోయినేడు ఆషాఢంలో ఆమెకు నెత్తురు ఆగలేదు. ఇరవై రోజులు చూసి మార్కాపురం తీసుకెళ్ళారు. గర్భసంచి తీసేస్తే సరిపోతుందన్నారు. ఎవరితో అన్నారు? మహేంద్రతో అన్నారు. అతను తల్లితో అన్నాడు. “ఇద్దరు బిడ్డలుండారు గదా, ఇంక దాంతో ఏం పని” అని రాఘవమ్మ తేల్చింది. “నాకు తీయించే దిక్కు లేక యాబై ఏండ్లదాకా మోసినా. నీకు నా కొడుకు తీయిస్తుండాడు, పెట్టి పుట్టినావు” అని కూడా అంది. ముప్పై ఆరేళ్ళ మనిషిని మధ్యలో పడుకోబెట్టి ఇద్దరూ పంచుకున్న ఆ సంభాషణలో, ఆమెను అడిగిన ప్రశ్న ఒక్కటే: మేకల్ని ఎవరికి అప్పజెప్పాలని.

శ్రావణ పున్నమి నాటికి ఆమె ఆసుపత్రి మంచం మీద ఉంది. ముందురోజు పెద్ద వాన. కిటికీలోంచి ఆ వాన చూస్తూ, “గవి కాడికి పోయినావా?” అని ఫోనులో అడిగింది. “పోయినా, పోయినా. నలబై రాసినా, వాన పడింది గదా” అన్నాడు మహేంద్ర. పెద్దక్క ఎన్నడూ వాన పడిన మర్నాడు నలభై రాల్చలేదు. అమావాస్యకు ఇంట్లో పడుకుని ఉంటే రాఘవమ్మే నోరు జారింది. “మొన్నట్లనే బోరు కాడ పట్టేసినాడులే, నీళ్ళు నీళ్ళే గదా, నువ్వు పండుకో.” బోరు నీళ్ళు. ఆ ఊరి పిల్లల పళ్ళు పచ్చబడేదీ, ముసలివాళ్ళ నడుములు వంగిపోయేదీ ఫ్లోరైడు నిండిన ఆ నీళ్ళతోనే. శివపార్వతి లేవబోయింది. కుట్లు పట్టుకున్నాయి. మళ్ళీ పడుకుంది. అంతేకాదు, తర్వాత అరుణ వచ్చిన రోజున కూడా చెప్పలేదు. ఇన్ని సీసాల్లో నాలుగు కదా అనుకుంది. మొగుడి మర్యాద అనుకుంది. అతను అబద్ధం రాశాడు, నిజమే. తెలిసి మూసుకున్న నోరు మాత్రం తనది. ఏడాదిగా గవిలో కూర్చున్నప్పుడల్లా ఆమెకు అదే గుచ్చుకుంటోంది.

దానికి కారణం ఉంది. ఆపరేషన్ తర్వాత మొదటిసారి కొండెక్కినప్పుడు అరుణ కూడా వచ్చింది. మహేంద్ర బయట ఫోను మాట్లాడుతున్నాడు. అప్పటికే కోసి నునుపు చేసిన ఒక రాతిముక్కను అరుణ టార్చి వెలుగులో చూపించింది. తెల్లటి పొరల మధ్య ఒకచోట దారమంత నల్లటి గీత ఉంది.

“ఇక్కడ చుక్క ఆగిపోయిందక్కా. వానల్లేక కొన్ని పదుల ఏళ్ళు గవి ఎండిపోయింది. ఆ కాలంలో రాయి పెరగలేదు, మట్టి మాత్రం పడింది.”

“అయితే ఆ ఏండ్ల సంగతి తెలియదన్న మాట.”

“తెలుస్తుంది. ఆగిపోయిందని తెలుస్తుంది. మాకు అంతకంటే పెద్ద ఆధారం లేదు. లేని నీళ్ళను ఉన్నట్టు చూపించదు కదా రాయి.”

ఆ మాటకు శివపార్వతి పొట్ట మీది కుట్ల దగ్గర చెయ్యి పెట్టుకుంది.

మొన్న మార్గశిరంలో, పొద్దున్నే, అరుణ జీపు దిగింది. మర్నాడు బడిలో సభ. ఆమె గురువు బ్రహ్మం సార్ వచ్చి, గవి రాళ్ళు చెప్పిన వానల కథ ఊరికి వినిపిస్తారు. మహేంద్రకు శాలువా కప్పుతారు. శివపార్వతి చేత్తో చేసిన పులిహోర కూడా ఉండాలి. అది అడిగింది మహేంద్రే, మాట ఇచ్చిందీ మహేంద్రే. టీ గ్లాసు అందుకుంటూ అరుణ అతనితో నెమ్మదిగా అంది.

“అన్నా, పోయినేడు శ్రావణం సీసాలు నాలుగూ తేడాగా ఉన్నాయి. ఫ్లోరైడు బాగా ఉంది. నీళ్ళ గుణమే వేరు. గవిలో నీటిదారి మారిందా, లేక సీసాలే తప్పా అని సార్ ప్రయోగశాలలో రెండుసార్లు చూపించారు. మీకేమైనా గుర్తుందా?”

“నా చేత్తో నేనే పట్టినా మేడం. ఆ దినం దారంతా బురద, జారి పడినా గూడా” అన్నాడు మహేంద్ర. ఏ మోకాలు పట్టుకుని చూపించాడో మళ్ళీ చెప్పక్కర్లేదు.

అరుణ ముఖం వాడిపోయింది. “పట్టిన మనిషి మీద నమ్మకం కుదరకపోతే మూడేళ్ళ నీళ్ళూ పక్కన పెట్టేద్దామంటున్నారు సార్. యంత్రం తెచ్చి మళ్ళీ మొదటి నుంచి. నేను చాలా వాదించాను. సీసాల్లో ఒక్క బుడగ లేదు సార్, ఇంత శ్రద్ధ ఎక్కడా చూడలేదు అని.”

బుడగ లేదన్న మాట విని శివపార్వతి చేతిలోని పళ్ళెం కింద పెట్టేసింది. మూడేళ్ళు. తన పున్నములూ అమావాస్యలూ, పెద్దక్కా చిన్నక్కా, తలకిందులు చేసి చూసిన సీసాలు, అన్నీ కాలవలో పారబోస్తారట. పారబోసేటప్పుడు కూడా అవి మహేంద్ర సీసాలుగానే పోతాయి. తన పనికి తన పేరు లేకపోవడం ఆమె భరించింది. ఆ పనే లేకుండా పోవడం భరించలేననిపించింది.

ఆ సాయంత్రం మేకలు దొడ్డికి చేరుతుండగా అంది. “ఆ నాలుగు బోరు నీళ్ళని రేపు చెప్పెయ్. మిగతావన్నీ నిలబడతాయి.”

“చెప్పి? శాలువా కప్పించుకునేటప్పుడు ఊరందరి ముందర దొంగనని చెప్పుకోవాల్నా?”

“నువ్వు చెప్పకపోతే నేను చెప్తా.”

మహేంద్ర తాడు కింద పడేశాడు. “నోరు మూసుకోని పులిహోర కలుపు. ఎవరడిగినారు నిన్ను? నీళ్ళు మోసినంత మాత్రాన నీకు శాస్త్రం వచ్చేసిందా?”

రాఘవమ్మ అరుగు మీద నుంచే అందుకుంది. “మొగుని మీద సాచ్చికం చెప్పే ఆడదాన్ని ఏడా చూడలా. నాలుగు సీసాల నీళ్ళకు కొంప కూల్చుకుంటావా ఏంది?”

“నాలుగు గాదత్తా. నూట నలబై పోతుండాయి” అంది శివపార్వతి. ఆ ఇంట్లో ఆ సంఖ్య తెలిసిన మనిషి ఆమె ఒక్కతే.

తెల్లవారి చింతపండు నానబెట్టి, మేకు మీంచి మూడు క్యాలెండర్లూ దించింది. పోయినేటిది తెరిచి శ్రావణం పేజీ తీసింది. అన్ని నెలలూ అంకెలతో కిక్కిరిసి ఉంటే ఆ పేజీ బోసిగా ఉంది. పున్నమి గడిలో ‘ఆస్పత్రి’ అని ఒక్క మాట, ఆమె వంకర అక్షరాల్లో. అంతకు ముందు నెల గడులన్నీ ఎర్ర గీతలు. ఆ తర్వాత ఏ నెలలోనూ ఒక్క ఎర్ర గీత లేదు. ఇది తీసుకెళ్ళి మగవాళ్ళ ముందు పరవాలి. ఆ గీతల మీద నల్ల స్కెచ్‌తో పూసేద్దామా అనుకుంది. పిల్లల డబ్బాలో వెతికితే స్కెచ్ కూడా దొరికింది. మూత తీసింది. ఒక గీత దగ్గరకు తెచ్చింది. తన ఒంట్లో జరిగిన దాన్ని తనే చెరిపేస్తే, బోరు దగ్గర సీసా పట్టిన చేతికీ ఈ చేతికీ తేడా ఏముంది? మూత పెట్టేసి క్యాలెండర్లను తవుడు సంచిలో చుట్టింది. ఆవాలు చిటపటమంటుంటే పోపులో మిరపకాయలు రెండు ఎక్కువే వేసింది.

బడి వరండా నిండింది. ముందు కుర్చీల్లో మగవాళ్ళు, వెనక చాపల మీద ఆడవాళ్ళు, గోడ పక్కన పులిహోర బేసినుతో శివపార్వతి. బ్రహ్మం సార్ నెరిసిన మనిషి, గొంతు మెత్తన. కోసిన రాతిని చేత్తో పట్టుకుని, ఈ పొరల్లో వానలు దండిగా ఉన్నాయి, ఇక్కడ కరువు, ఈ నల్ల గీత దగ్గర మీ ముత్తాతల ముత్తాతలు ఈ ఊరు వదిలి పోయి ఉంటారు అని కథ చెప్పినట్టు చెప్పాడు. తర్వాత గొంతు సవరించుకున్నాడు. మహేంద్ర మూడేళ్ళు శ్రమపడ్డారు, అందుకు ఈ సత్కారం. కానీ కొన్ని సీసాల విషయంలో అనుమానం తీరలేదు. అందుకని ఆ నీళ్ళ లెక్కలు వాడకుండా మళ్ళీ కొత్తగా మొదలుపెడుతున్నాం. శాలువా మడత విప్పారు. మహేంద్ర తల వంచాడు. చప్పట్లు మొదలయ్యాయి.

“సార్, ఆ నాలుగు సీసాల్లో ఉండేది గవి నీళ్ళు గాదు. మా బోరు నీళ్ళు.”

గరిటె చేతిలోనే ఉందని ఆమెకు అప్పుడు తెలిసింది. బేసినులో పెట్టి ముందుకు నడిచింది.

మహేంద్ర నవ్వాడు. “మా ఇంటామె సార్. పొద్దుట్నుంచి వంట చేసి అలిసిపోయింది, ఏందో అంటుంది.”

“నీకెట్లా తెలుసమ్మా?” అన్నాడు బ్రహ్మం సార్.

“ఆ బుక్కులో శ్రావణ పున్నమి చూడండి. పెద్దక్క... అదే సార్, మీ ఒకటో పాయింటు, నిమిషానికి నలబై అని ఉంటాది.”

అరుణ గబగబా రిజిస్టరు తిప్పింది. “నలభై సార్.”

“ముందు దినం పెద్ద వాన. వాన పడితే మర్నాడు చుక్కలు ఎక్కువైతాయని ఆ అంకె రాసినాడు. ఆడికి పోనోళ్ళు అట్లనే అనుకుంటారు. ఆ గవి అట్ల ఉరకదు సార్. వాన కొండలో ఇంకి, రాయిలో దిగి, పెద్దక్క దాకా రావాలంటే ఇరవై దినాలు పడతాది. చిన్నక్కకు ఎనిమిది దినాలు. పెద్దక్క ఎంత జోరుగా ఉన్నా పద్నాలుగు దాటలా ఈ మూడేండ్లలో.”

బ్రహ్మం సార్ చేతిలో శాలువా సగం విప్పి అలాగే ఉంది. “ఇరవై రోజులని ఎవరు చెప్పారు?”

“ఎవరు చెప్తారు సార్? రోజూ చూసినా.” ఆమె సంచి విప్పి క్యాలెండర్లు బల్ల మీద పరిచింది. “ఈ నీలి సున్నా వాన. ఈ మూల అంకె పెద్దక్కది, దాని కింద చిన్నక్కది. మూడు వానాకాలాలు. ఎక్కడైనా వేలు పెట్టి లెక్కబెట్టుకోండి.”

ఆయన కళ్ళజోడు సరిచేసుకుని వంగాడు. ఒక నీలి సున్నా మీద వేలు పెట్టి, గడి గడికీ పెదాలు కదుపుతూ లెక్కబెట్టాడు. ఇంకో సున్నా మీద పెట్టాడు. అరుణ ఆయన భుజం మీంచి తొంగిచూసింది. పదిహేను రోజులకొకసారి పట్టిన సీసాలు చెప్పలేని సంగతి, వాన నీరు ఎన్నాళ్ళకు గవికి చేరుతుందన్న సంగతి, అక్కడ గడుల్లో పడి ఉంది. గ్యాస్ బండకూ మేకపిల్లకూ మధ్య. ఆయన పేజీలు తిప్పుతూ తిప్పుతూ ఆగాడు.

“ఈ ఎర్ర గీతలేమిటమ్మా? ఇదీ నీళ్ళ లెక్కేనా?”

వెనక చాపల మీద చీరల సవ్వడి ఆగిపోయింది. మహేంద్ర పళ్ళ బిగువున, “ఇంటికి పద” అన్నాడు, ఆమెకు మాత్రమే వినబడేట్టు. ఆమె వినబడనట్టు ఊరుకోలేదు, విన్నానన్నట్టు అతని వైపు ఒకసారి చూసి, తర్వాత అందరికీ వినబడేట్టు చెప్పింది.

“కాదు సార్. అది నా నెలసరి. శ్రావణం కాడ ఆగిపోయినాది చూడండి. గర్బసంచి తీసేసినారు. అందుకని ఆ రెండు దఫాలు నేను గవికి పోలేదు. నేను పోని దినం ఎవ్వరూ పోలేదు.”

ఎవరో మగమనిషి దగ్గాడు. ఎవరో “సిగ్గు లేకుండా” అని గొణిగారు. చాపల మీద కృష్ణవేణమ్మ, ఆమెకూ ముప్పై రెండేళ్ళకే ఆపరేషన్ అయింది, గొణిగిన వైపు తిరిగి, “ఆమెను చెప్పనీయండయ్యా, మీ పేర్లేం చెప్పడంలా” అంది. బ్రహ్మం సార్ చెవులు ఎర్రబడ్డాయి. కానీ కళ్ళు దించుకోలేదు. శ్రావణం పేజీ మీద అరచెయ్యి ఆనించాడు.

“ఈ పేజీ లేకపోతే మిగతా పేజీలు నమ్మేవాణ్ణి కాదమ్మా” అన్నాడు. “మూడేళ్ళ నీళ్ళూ ఉంచుతాం. నాలుగు సీసాలు తీసేస్తాం. ఇకమీదట వారానికి రెండుసార్లు, వానాకాలమంతా రోజూ, ఆ లెక్క నువ్వే చూడాలమ్మా.” చేతిలో శాలువా గుర్తొచ్చి, ఇబ్బందిగా ఆమె వైపు తిరిగాడు.

“ఆయనకే కప్పండి సార్, మడత విప్పినారు గదా” అంది శివపార్వతి. “నాకు శాలువా వద్దు. ఆ గడిలో నా పేరు కావాల.”

అరుణ పెన్ను మూత తీసి ఇచ్చింది. ‘సేకరించినవారు’ అన్న గడులు వరసగా కిందికి ఉన్నాయి, ముత్యాల్లాంటి సంతకాలతో. మొదటి రెండింటినీ ఆమె ముట్టలేదు, అవి అతనివే. మూడో దాని నుంచి ఒక్కో సంతకాన్నీ అడ్డంగా కొట్టి, పక్కన శివపార్వతి అని రాసుకుంటూ వచ్చింది. ఏడో తరగతి అక్షరాలు, వంకరటింకరవి. తొందరపడలేదు. పులిహోర చల్లారుతోందని ఎవరో అన్నారు, ఎవరో పెట్టుకుని తినండన్నారు. శ్రావణమాసం దగ్గరికొచ్చాక ఆగి, తన పేరు రాయకుండా, రెండు గడులకూ కలిపి ‘ఎవ్వరూ పోలేదు’ అని రాసింది.

ఇంటికొచ్చేసరికి కబురు ఆమెకంటే ముందే చేరింది. మహేంద్ర మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. శాలువా దండెం మీద ఉంది. రాఘవమ్మ వాకిట్లో ఆరు ఖాళీ బిందెలూ వరసగా పెట్టుకుని వాటి ముందు కూర్చుని ఉంది.

“ఇంక వారానికి రెండుసార్లు పోవాలంట గదా కొండకు. నీ పేరు మీదనే అంట గదా.”

“అవునత్తా. వానాకాలమంతా రోజూ.”

“పోతావులే. అడిగేవోళ్ళెవరు నిన్ను? మరి ఈ కొంపకు నీళ్ళెవరు పట్టాల?”

శివపార్వతి పలకను కడిగి అరుగు మీద ఆరబెట్టింది. ఒక ఖాళీ బిందె తీసుకెళ్ళి మంచం పక్కన, మహేంద్ర చేతికి అందేంత దూరంలో దించింది.

“ఈయన పడతాడత్తా. బోరు నీళ్ళు పట్టేది ఈయనకు బాగా వచ్చు.”